తువ్వాల కింద గండభేరుండం

మా నాయన ఆదోని పత్తి మార్కెట్టులో చాలా ఏళ్ళు దలాలీ చేశాడు. నోటితో కంటే వేళ్ళతో ఎక్కువ మాట్లాడేవాడు. అమ్మేవాడూ కొనేవాడూ ఎదురెదురుగా కూర్చుంటే వాళ్ళ చేతుల మీద ఒక తువ్వాల కప్పుతారు. ఆ తువ్వాల కింద ఎన్ని వేళ్ళు పట్టుకుంటే అంత ధర. చుట్టూ పదిమంది నిలబడి కళ్ళు పొడుచుకుని చూసినా ఎంతకు తెగిందో తెలియదు. ధర నచ్చితే ఎదుటివాడు తిరిగి నొక్కుతాడు, నచ్చకపోతే చెయ్యి బయటికి తీసేస్తాడు. నొక్కిన తర్వాత మాత్రం వెనక్కి పోయేది లేదు. మరునాడు పత్తి ధర పాతాళానికి పడినా సరే, మాట మాటే.

డెబ్బైల చివర్లో ఒక షావుకారుతో మాటా మాటా పెరిగి నాయన మార్కెట్టు మానేశాడు. మా బడి ఎదురుగా చెక్క బంకు పెట్టాడు. బలపాలు, నోటుపుస్తకాలు, నిమ్మతొనలు, బొరుగుల ఉండలు అమ్మేవాడు. "పత్తి బేళ్ళు అమ్మిన సేత్తో బొరుగులు అమ్ముతాండావే" అని అమ్మ ఎగతాళి చేసేది. "బొరుగులకు వానొస్తాదని భయం లేదులే" అనేవాడు నాయన. నిజానికి ఆయనకు బంకులో పొద్దు పోయేది కాదు. బేరం లేని బతుకు ఆయనకు ఉప్పులేని సంగటి.

రెండు మూడేళ్ళకు బొమ్మలు వచ్చాయి. బళ్ళారి నుంచి బస్సులో వచ్చే ఏజెంటు ఒకాయన బబుల్‌గమ్ డబ్బాలు దించిపోయేవాడు. ఒక్కో పొట్లంలో ఒక బబుల్‌గమ్, దానితోపాటు ఒక అట్టబొమ్మ. బొమ్మ మీద ఒక మృగం, పక్కన కన్నడంలో దాని పేరు, కింద దాని బలం అంకెల్లో ఉండేది. ఆడేవాళ్ళు ఇద్దరూ చెరొక బొమ్మ బోర్లా పెట్టి ఒకేసారి తిప్పాలి. బలం ఎక్కువున్నవాళ్ళు రెండో బొమ్మ కూడా తీసుకుంటారు. తిప్పకముందే ఎదుటి బొమ్మ పేరు సరిగ్గా చెప్పినవాళ్ళు మాత్రం బలం తక్కువైనా గెలిచినట్టే. కుందేలును నక్క కొడుతుంది, నక్కను పులి, పులిని ఏనుగు. ఏనుగును కూడా కొట్టేది గండభేరుండం. రెండు తలల పక్షి, రెండు ముక్కుల్లో రెండు ఏనుగులు. అది డబ్బాకొకటి ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు.

ఆ ఆటలో నన్ను కొట్టేవాళ్ళు మా బడి మొత్తంలో ఒకరో ఇద్దరో. గొప్పకు చెప్పడం లేదు అంటే అబద్ధం, గొప్పకే చెబుతున్నాను. ఆడపిల్లవు, మట్టిలో కూర్చుని బొమ్మలాట ఏమిటని అయ్యవారు ఒకసారి చెవి మెలిపెట్టాడు. ఆ సాయంత్రం ఆయన కొడుకు దగ్గర ఉన్న బొమ్మలన్నీ గెలిచేశాను.

పత్తి జిన్నింగు మిల్లుల యజమానుల పిల్లలకు ఆడటం రాదు, కొనడం వచ్చు. డబ్బాలకు డబ్బాలే కొని చింపేవాళ్ళు. అందులో గండభేరుండం రాకపోతే వచ్చినవాళ్ళ దగ్గర ఎంతకైనా కొంటామనేవాళ్ళు. అది చూసి నాయనలో నిద్రపోతున్న దళారి లేచి కూర్చున్నాడు. పిల్లల దగ్గర గండభేరుండం తాను కొని మిల్లు పిల్లలకు అమ్మడం మొదలుపెట్టాడు. బేరం మాత్రం తువ్వాల కిందే. మొదట్లో పిల్లల్ని నవ్వించడానికి చేసినట్టుంది. నాలుగు రోజులకు అదే ఆచారమై కూర్చుంది. లాగూ జారిపోకుండా ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చెయ్యి తువ్వాల కింద పెట్టి, ముఖం గంభీరంగా పెట్టుకుని వేలు నొక్కే పిల్లల్ని చూస్తే వాళ్ళ తాతలు గుర్తొచ్చేవాళ్ళు. పక్క బంకుల వాళ్ళు కూడా పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు తలా ఒక తువ్వాల తెచ్చుకున్నారు.

అమ్మకు అది నచ్చలేదు. "నలుగురికీ వినపడేటట్టు ధర సెప్తే ఏం పోతాది?" అనేది.

"ధర బయటపడితే అందురూ అదే అడుగుతారు. దాంట్లో బేరం యాడుంది?" అనేవాడు నాయన.

ఆటలో నన్ను కొట్టే ఆ ఒకరిద్దరిలో ఒకడు మా తరగతి వాడే. కోసిగి పక్క పల్లె వాడు. మా వీధిలో వాళ్ళ చిన్నమ్మ ఇంట్లో ఉండి చదువుకునేవాడు. అందరూ కోసిగోడా అనే పిలిచేవాళ్ళం. ఒక్క పొట్లం కొనడానికి కూడా వాడి దగ్గర పైసలు ఉండేవి కావు. ఎవరో పారేసిన కుందేలు బొమ్మ ఒకటి ఏరుకుని దానితో మొదలుపెట్టాడు. ఎదుటివాడి కళ్ళు చూసి ఏ బొమ్మ పెట్టాడో చెప్పేసేవాడు. మేము ఆరో తరగతిలోకి వచ్చిన ఏడు దీపావళి నాటికి వాడి దగ్గర మూడు గండభేరుండాలు చేరాయి. అందులో ఒకటి నా దగ్గర గెలిచిందే. ఆ మంట నాకు ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు.

దీపావళి పోగానే ఆ పక్క పల్లెలన్నీ సుగ్గికి లేచాయి. వానలు లేని నేలలో ఏముంటుంది, మూటలు కట్టుకుని గుంటూరు వైపు మిరప చేలకు పోతారు. వీణ్ణి కూడా తీసుకుపోవడానికి వాళ్ళ నాయన వచ్చాడు. పిల్లవాడివైనా రెండు చేతులే కదా. సుగ్గి నుంచి వచ్చాక మళ్ళీ బడికి పంపడానికి ఆయన ఒక షరతు పెట్టాడు. ఏడో తరగతి పుస్తకాలూ ఫీజూ వాడే చూసుకుంటే చదువు, లేకుంటే గొర్రెల వెంట. ఆయన్ని తప్పు పట్టను. ఇంట్లో ఇంకా చిన్నవాళ్ళు ఉన్నారు.

కోసిగోడు బంకుకు వచ్చి మూడు బొమ్మలూ ముందరి చెక్క పలక మీద పెట్టాడు. నేను బంకు లోపలే ఉన్నాను.

"అప్పా, సుగ్గికి పోతాండాం. ఈటిని తీసుకుంటావా?"

నాయన బొమ్మల్ని తాకలేదు. "దుడ్లు ఇప్పుడిస్తే ఎవురి సేతికి పోతాయి?"

"మా నాయన సేతికి."

"బస్సు చార్జీలకే సరి. నీకు పుస్తకాలకు గదా కావాల్సింది? బొమ్మలు నీ కాడనే పెట్టుకో. తిరిగొచ్చినాక నేరుగా నా కాడికి రా. ధర ఇప్పుడే పలుకుతా."

తువ్వాల కప్పాడు. కోసిగోడు చెయ్యి పెట్టాడు. వాడి ముఖంలో మెల్లగా నవ్వు రావడం చూశాను. మిల్లు పిల్లలకు కూడా ఎవరికీ ఆ నవ్వు వచ్చేది కాదు. తిరిగి నొక్కాడు. ఆ ఒక్క ధర మాత్రం నాయన ఇంట్లో చెప్పాడు, ఎందుకంటే ఆ డబ్బు అమ్మ పక్కన తీసిపెట్టాలి. బొమ్మకు నాలుగు రూపాయలు. పాత పుస్తకాలూ ఫీజూ అందులో సరిపోతాయి. అమ్మ గొణుక్కుంటూనే ఆ పన్నెండు రూపాయలు మెంతుల డబ్బాలో దాచింది.

ఉగాదికి ముందు ఒక పొద్దున ఎమ్మిగనూరు బస్సులోంచి ఎవరో పిల్లవాడు దిగి గండభేరుండం తెచ్చాడు. నాయన తువ్వాల వేసి కొన్నాడు. అంతలో ఇంకొకడు వచ్చాడు. వాడి వెనక మరొకడు. నాయన తువ్వాల పేరు ఎమ్మిగనూరు దాకా పోయిందని మాకు గర్వంగానే ఉండింది. ఒకడికి ఇచ్చిన ధర ఇంకొకడికి తెలియదు, కాబట్టి ఒకడిని చూసి ఇంకొకడు తగ్గించేది లేదు. నాయన వేళ్ళు ఆ రోజు చాలా ఉత్సాహంగా ఉన్నాయి. మధ్యాహ్నం అన్నం తెచ్చిన అమ్మ పలక మీది బొమ్మల వరస చూసి నిలబడిపోయింది.

"డబ్బాకొకటి గూడా దొరకనిది, ఒక్క పొద్దులో ఇన్ని యాడనుంచి రాలినాయి?"

నాయన ఒక బొమ్మ తిరగేశాడు. మా పాత బొమ్మల వెనక అట్ట బూడిద రంగులో ఉండేది. ఇది తెల్లగా ఉంది. ఆయన అన్నీ తిరగేసి చూశాడు. తర్వాత అన్నం గిన్నె మూత తీయకుండానే పక్కన పెట్టాడు.

మరునాడు ఎమ్మిగనూరు పోయాడు, నేనూ వెంట పడ్డాను. బస్టాండు పక్కన అంగళ్ళలో తాడు కట్టి, దానికి అచ్చు కాగితాలు నిండు తావులుగా వేలాడదీశారు. ఒక్కో తావులో అన్ని మృగాలూ ఉన్నాయి, గండభేరుండాలు మాత్రం నాలుగు. పొట్లం అక్కర్లేదు, బబుల్‌గమ్ అక్కర్లేదు. తావు కొనుక్కుని కత్తిరించుకోవడమే. నిన్న మా బంకు దగ్గర చెయ్యి పెట్టిన పిల్లవాడొకడు అక్కడే అరుగు మీద కత్తెర పట్టుకుని కూర్చున్నాడు. నాయనను చూడగానే లేచి పరుగు తీశాడు. "పట్టుకో నాయనా" అన్నాను నేను.

"ఎందుకు? నొక్కింది నేనే గదా" అన్నాడు.

బళ్ళారి ఏజెంటు ఆ వారం వచ్చినప్పుడు నాయన ముఖం చూడలేక బంకు పక్కన ఆనించిన సైకిలు టైర్ల వైపు చూస్తూ మాట్లాడాడు. "కంపెనీవాళ్ళు మళ్ళా అచ్చేసినారప్పా. అందురూ ఆ పక్షినే అడుగుతాండారని జాస్తీ కొట్టినారు. నాకు గూడా సెప్పల్యా." మిగిలిన డబ్బాలు వెనక్కి తీసుకోమంటే, కంపెనీలో ఆ పద్ధతి లేదన్నాడు. అచ్చువేసినవాడికి అది యంత్రంలో ఇంకొన్ని కాగితాలు. వాడికి ఆదోని ఎక్కడుందో కూడా తెలిసి ఉండదు. ఆ కోపం నాకు ఇప్పటికీ ఎవరి మీద పెట్టుకోవాలో తెలియదు.

ఒక మాట ఒప్పుకోవాలి. మొదటి వారం మా వీధిలో పండగలా ఉండింది. ఎప్పుడూ కుందేళ్ళతోనే ఆడి ఓడిపోయే చిన్నపిల్లలు, హమాలీల పిల్లలు, గండభేరుండం చేతికి రాగానే దాన్ని తల మీద పెట్టుకుని తిరిగారు. ఒక చిట్టిది దాన్ని గౌను లోపల దాచుకుని, అరగంటకొకసారి తీసి చూసుకునేది. వాళ్ళ సంతోషాన్ని చూసి ఏడవడానికి నాకు మనసు రాలేదు. కానీ రెండో వారానికి ఆట చచ్చిపోయింది. ఇద్దరూ బొమ్మలు తిప్పితే ఇద్దరిదీ గండభేరుండమే. ఎవరూ గెలవరు, ఎవరూ ఓడరు. పులి ఎందుకు, ఏనుగు ఎందుకు? పాత అచ్చే అసలుదని మిల్లు పిల్లలు కొన్నాళ్ళు బూడిదరంగు అట్టలు వెతికారు. నాయన ఆ ఆశతో మరికొన్నాళ్ళు బతికాడు. తర్వాత వాళ్ళ నాయనలు వాళ్ళకు క్రికెట్ బ్యాట్లు కొనిచ్చారు.

ఎండాకాలం వచ్చేసరికి బంకులో గాజు సీసాల అడుగులు కనబడుతున్నాయి. మిగిలిన బబుల్‌గమ్ కరిగి పొట్లాలకు అంటుకుపోయింది. పక్క బంకులాయన మూసేసి మిల్లులో కూలికి పోయాడు. ఇంట్లో జొన్నలు అడుగంటాయి. అమ్మ మెంతుల డబ్బా వైపు చూసేది.

"ఎందుకూ కొరగాని అట్టముక్కలకు పన్నెండు రూపాయలా? ఆ పిల్లోడు వచ్చేది ఎప్పుడో, అసలు వచ్చేదే ల్యాదో."

"అది మన దుడ్డు కాదు" అనేవాడు నాయన.

"నీ మాట నిలబెట్టుకునేకి నా పొయ్యి ఆర్పుతావా?"

నాకు ఇద్దరి మీదా కోపం వచ్చేది. ఇద్దరూ నిజమే చెబుతున్నారు, అది ఇంకా కష్టం.

బడి తెరిచే ముందు కోసిగోడు వచ్చాడు. నల్లగా, పొడుగ్గా అయ్యాడు, వేళ్ళ చివర్లు మిరపకాయల మంటకు పొట్టు లేచి ఉన్నాయి. చొక్కా లోపలి నుంచి ప్లాస్టిక్ కాగితం చుట్టిన పొట్లం తీశాడు. మిరప చేలల్లో, గుడిసెల్లో, వానలో ఇన్ని నెలలు మోసినా మూడు బొమ్మలకూ ఒక్క మూల కూడా మడత పడలేదు. పలక మీద వరసగా పెట్టాడు. అమ్మ ఆ వేళకు అన్నం తెచ్చి అక్కడే నిలబడి ఉంది.

నాయన భుజం మీది తువ్వాల తీసి చెయ్యి చాపాడు. కోసిగోడు తువ్వాల కింద చెయ్యి పెట్టాడు. నాయన మోచెయ్యి కదలడం చూశాను, నొక్కాడు. దీపావళికి నొక్కిన ధరే నొక్కాడని నాకు ఆయన ముఖం చూస్తేనే తెలిసింది. కోసిగోడు తిరిగి నొక్కితే అయిపోతుంది. వాడు తల వంచుకుని చాలాసేపు అట్లాగే ఉన్నాడు.

తర్వాత చెయ్యి బయటికి తీసేశాడు.

"ఒరే అబ్బీ, సెయ్యి పెట్టు" అన్నాడు నాయన.

"వద్దప్పా. ఎమ్మిగనూరు బస్టాండులో సూసినా. తాడుకు ఏలాడతాండాయి."

"నేను నీకు మాటిచ్చినా. దుడ్లు తీసిపెట్టినాం."

"నువ్వు మాట తప్పల్యా. నేనే సెయ్యి తీసినా" అన్నాడు. మూడు బొమ్మలూ నా వైపు జరిపాడు. "నువ్వు పెట్టుకో. ఒకటి నీదే గదా."

నాయన బంకు దిగేలోపల వాడు సందు మలుపు తిరిగిపోయాడు. పరుగెత్తలేదు, మామూలుగానే నడిచాడు.

ఆ రాత్రి అమ్మ కంచం ముందు కూర్చుని ముద్ద కలిపి వదిలేసింది. ఎంతసేపటికీ తినకపోతే నాయన ఏమైందని అడిగాడు. "వాడు సెయ్యి తీసినప్పుడు నాకు ఊపిరొచ్చిందప్పా. అందుకే ముద్ద దిగడం ల్యా" అంది. లేచి మెంతుల డబ్బా తెచ్చి నాయన ముందు పెట్టింది. "పొద్దున్నే పోయి వాడి సేతిలో పెట్టి రా."

పొద్దున నాయన కోసిగోడి చిన్నమ్మ ఇంటికి పోతే, వాడు రాత్రే పల్లెకు పోయినాడని ఆమె చెప్పింది. బంకు తెరవకుండా ఉండటం నాయనకు కష్టం, బయటివాళ్ళు అమ్మిపెట్టమని ఇచ్చిన సరుకు కొంత మా దగ్గరే ఉండేది. దాన్నంతా అప్పగించి బయలుదేరేసరికి ఇంకొక రోజు గడిచింది. నేనూ నాయనా ప్యాసింజరు రైల్లో పోయి కోసిగిలో దిగి, అక్కడి నుంచి ఎండలో నడిచాం. నేను ఆ మూడు బొమ్మలూ పుస్తకంలో పెట్టుకుని తెచ్చాను. వాడికి తిరిగి ఇవ్వాలని.

వాళ్ళ నాయన ఇంటి ముందర కలుపు తీసే దంతె బాగుచేసుకుంటున్నాడు. మమ్మల్ని చూసి లేచి, మంచం వాల్చి, నీళ్ళు తెప్పించాడు. పిల్లవాడు ఇంట్లో లేడు. నాయన డబ్బు తీసి మంచం మీద పెట్టి, పుస్తకాలకు ఇవి సరిపోతాయి, బడి తెరిచేలోపల పంపించమని చెప్పాడు. ఆయన డబ్బు వైపు చూడలేదు.

"ఇప్పుడు బడి యాడిది అన్నా? పుస్తకాల లెక్క కుదర్లేదని వాడే వచ్చి సెప్పినాడు. గొర్రెలాయన కాడ దుడ్లు తీసుకుని సంవత్సరానికి జీతానికి పెట్టినాం."

నాయన భుజం మీది తువ్వాల తీసి, తన చేతి మీద కప్పుకుని, ఆయన ముందుకు చాపాడు. "పిల్లోణ్ణి ఇడిసిపెట్టన్నా. ఆ గొర్రెలాయన ఇచ్చింది నేను తిరిగిస్తా. ఎంతో పలుకు."

ఎక్కడి నుంచి తెస్తాడో నాకు తెలియదు. ఆయనకూ తెలిసి ఉండదు. కానీ ఆ క్షణంలో మా నాయనను చూస్తే నాకు ఏడుపు వచ్చింది, ప్రేమతోనే.

వాళ్ళ నాయన ఆ తువ్వాల వైపు చూశాడు. చెయ్యి పెట్టలేదు. తన అరచెయ్యి ఒకసారి తిప్పి చూసుకున్నాడు.

"నిన్న పొద్దున ఈ సెయ్యే ఆయన తువ్వాల కింద పెట్టినానన్నా. నొక్కినా. నువ్వు మార్కెట్టులో సేసిన మనిషివి. నువ్వయితే ఎనక్కి తీసుకుంటావా?"

నాయన తువ్వాల మడిచి మళ్ళీ భుజం మీద వేసుకున్నాడు. డబ్బు పిల్లవాడికి ఇవ్వమని అక్కడే వదిలి లేచాడు.

రైలుకు తిరిగి నడుస్తుంటే దూరంగా గట్టు మీద గొర్రెలు కనిపించాయి. వాటి వెనక ఎవరో కర్ర పట్టుకుని ఉన్నారు. వాడో కాదో గుర్తుపట్టేంత దగ్గర కాదు. నేను చెయ్యి ఊపాను, అటు నుంచి ఏమీ రాలేదు. బొమ్మలు పుస్తకంలోనే ఉండిపోయాయి.

రైల్లో నాయన కిటికీ పక్కన కూర్చుని, తువ్వాల కొనను వేళ్ళకు చుట్టుకుంటూ విప్పుతూ ఉన్నాడు. నాకు కోపం ఆగలేదు. "నేనయితే ఎనక్కి తీసుకుంటానని సెప్పొచ్చు గదా నాయనా. వాడు సదువుకునేవాడు గదా" అన్నాను.

ఆదోని కొండలు కనిపించి, జనం మూటలు సర్దుకుంటుండగా, ఆయన నా వైపు చూడకుండానే అన్నాడు.

"సెప్పాల్సింది."